మీ బరువు మీ ఎత్తుకు తగినదేనా?

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (స్టాటిస్టిక్స్)

మన హాస్టలుకు ఆరోగ్య పరీక్షల కోసం డాక్టర్ల బృందం వచ్చినప్పుడు అందరం వరుసలో నిలబడతాం. ఒకరు గోడ దగ్గర ఎత్తు చూసి గట్టిగా చెబుతారు. ఇంకొకరు బరువు చూసి చెబుతారు. మూడో వ్యక్తి కార్డులో రాసుకుంటారు. ఆ రెండు గడుల పక్కన ఇంకో గడి ఉంటుంది. అందులో 15.4 అనో, 19.2 అనో ఒక అంకె పడుతుంది. దాని పేరు బి.ఎం.ఐ., అంటే బాడీ మాస్ ఇండెక్స్. తెలుగు పుస్తకాల్లో శరీర ద్రవ్యరాశి సూచిక అని రాస్తారు. నేను ఇక్కడ ఆరవ తరగతి నుంచి పదవ తరగతి వరకు చదివాను. ఆ అయిదేళ్ళలో ఆ అంకె ఏమిటని మేమెవరం అడగలేదు, మాకెవరూ చెప్పలేదు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఇదే గుర్తొచ్చింది. కవిత రాయడం నాకు చేతకాదు కనుక లెక్క రాస్తున్నాను.

ముందు లెక్క ఎలా చేయాలో చూద్దాం. బరువు కిలోగ్రాముల్లో ఉండాలి. ఎత్తు మీటర్లలో ఉండాలి. బరువును ఎత్తుతో భాగించండి. వచ్చినదాన్ని మళ్ళీ అదే ఎత్తుతో భాగించండి. అంతే. పుస్తకాల్లో "బరువును ఎత్తు వర్గంతో భాగించాలి" అని ఉంటుంది. రెండూ ఒకటే, కానీ ఫోను కాలిక్యులేటర్‌లో రెండుసార్లు భాగించడం తేలిక.

ఉదాహరణకు డిగ్రీ చదివే ఇరవై ఏళ్ళ యువకుడు ఉన్నాడనుకోండి. బరువు 48 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. ఎత్తును వందతో భాగిస్తే 1.65 మీటర్లు. 48 ÷ 1.65 = 29.09. దాన్ని మళ్ళీ 1.65తో భాగిస్తే 17.63. అతని బి.ఎం.ఐ. 17.6.

ఇక్కడ తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం మరిచిపోవడం. 48ని 165తో రెండుసార్లు భాగిస్తే 0.00176 వస్తుంది. ఇది అర్థంలేని అంకె కాబట్టి తప్పు వెంటనే తెలిసిపోతుంది. దీనివల్ల ప్రమాదం లేదు. రెండోది అడుగులు, అంగుళాల దగ్గర జరిగే తప్పు. ఇది కనపడకుండా జరుగుతుంది. మన ఊళ్ళలో ఎత్తు అడుగుల్లోనే చెబుతారు. "అయిదడుగుల ఆరు" అంటే 5.6 అడుగులు కాదు. అడుగుకు పన్నెండు అంగుళాలు కాబట్టి అది మొత్తం 66 అంగుళాలు. అంగుళానికి 2.54 సెంటీమీటర్ల చొప్పున 167.64 సెంటీమీటర్లు. ఎవరైనా దాన్ని 5.6 అని కొట్టి 30.48తో గుణిస్తే 170.7 వస్తుంది. మూడు సెంటీమీటర్లు ఉత్తపుణ్యానికి పెరిగినట్టు! 50 కిలోల మనిషికి మొదటి ఎత్తుతో 17.8 వస్తే, రెండోదానితో 17.2 వస్తుంది.

పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో మగవారి కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లని చూసే ఉంటారు (ఏజెన్సీ గిరిజన అభ్యర్థులకు సడలింపు ఉంది). ఈ విచిత్రమైన అంకె సరిగ్గా అయిదడుగుల ఆరంగుళాలే! ఛాతీ 86.3 అన్నది కూడా 34 అంగుళాలే.

వెనక నుంచి కూడా లెక్క చేయవచ్చు. "నా ఎత్తుకు నేనెంత బరువు ఉండాలి?" అన్నదే అసలు ప్రశ్న అయితే, కావలసిన బి.ఎం.ఐ.ని ఎత్తుతో రెండుసార్లు గుణించాలి. పెద్దవాళ్ళకు కింది హద్దు 18.5. కాబట్టి 167.6 సెంటీమీటర్ల మనిషికి 18.5 × 1.676 × 1.676 = దాదాపు 52 కిలోలు. 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామున లేచి గ్రౌండుకు వెళ్ళి, తిరిగొచ్చేసరికి టిఫిన్ అయిపోయిందని ఊరుకునే అన్నలు ఈ 52ను ఒకసారి చూసుకోవాలి.

లెక్క ఎంత సరిగ్గా చేసినా కొలత తప్పయితే ఫలితం తప్పే. హాస్టల్లో బరువు చూసే యంత్రం లేకపోతే స్టోర్ రూంలో బియ్యం, పప్పు తూచే కాటా ఉంటుంది. వార్డెన్ గారిని అడిగి దానిమీద చూసుకోవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందా లేదా ముందు చూడండి. పొద్దున్నే, దొడ్డికి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కు ముందు, చెప్పులు లేకుండా, జేబులు ఖాళీ చేసుకుని ఎక్కండి. ప్రతిసారీ ఒకేలాంటి బట్టలతో ఎక్కండి. ఎత్తుకు మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిటారుగా నిలబడి ఎదురుగా చూడాలి. గడ్డం పైకెత్తకూడదు. అట్ట గట్టిగా ఉన్న పుస్తకాన్ని తలమీద గోడకు అడ్డంగా పెట్టి, దాని అడుగున పెన్సిల్‌తో గీత పెట్టమని స్నేహితుడికి చెప్పండి. నేల నుంచి ఆ గీత వరకు టేపుతో కొలవండి. గీత మీరే పెట్టుకుంటే చెయ్యి పైకెత్తేటప్పుడు మనిషి కదిలిపోతాడు. పొద్దున కొలిచినదానికీ సాయంత్రం కొలిచినదానికీ ఒక సెంటీమీటరు దాకా తేడా రావచ్చు. వెన్నుపూసల మధ్య మెత్తని భాగం రోజంతా నొక్కుకుపోవడమే దానికి కారణం. భయపడకండి.

ఇప్పుడు హద్దులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో 18.5 కన్నా తక్కువ ఉంటే బరువు తక్కువ. 17 కన్నా తక్కువయితే ఇంకొంచెం తీవ్రం, 16 కన్నా తక్కువయితే చాలా తీవ్రం. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. ఈ పట్టిక ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా దొరుకుతుంది. దాన్ని చూసే మన పిల్లలు కంగారు పడుతున్నారు. ఎందుకంటే అది 19 ఏళ్ళు నిండినవారి పట్టిక. మన హాస్టల్లో ఉండేవారిలో చాలామందికి అది వర్తించదు.

తమ్ముళ్ళూ, ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదువుతామంటే ఇది చదవండి. ఏడో తరగతి అబ్బాయి ఒకడు, పన్నెండేళ్ళు, ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 31 కిలోలు. బి.ఎం.ఐ. 15.4. పదో తరగతి అబ్బాయి ఒకడు, పదిహేనేళ్ళు, ఎత్తు 155, బరువు 37. అతనికీ 15.4. పెద్దల పట్టిక ప్రకారం ఇద్దరూ "చాలా తీవ్రం". కానీ పిల్లలకు వయసును బట్టి హద్దు మారుతుంది. 5 నుంచి 19 ఏళ్ళవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వేరే పట్టికలు ఇచ్చింది. వాటి ప్రకారం మగపిల్లలకు కింది హద్దు పదేళ్ళకు 13.7, పన్నెండుకు 14.5, పదమూడుకు 14.9, పద్నాలుగుకు 15.5, పదిహేనుకు 16.0, పదహారుకు 16.5, పదిహేడుకు 16.9. కాబట్టి ఏడో తరగతి అబ్బాయికి బరువు విషయంలో ఇబ్బంది లేదు, ఆడుకోనివ్వండి. పదో తరగతి అబ్బాయిని మాత్రం డాక్టరుకు చూపించాలి. అంకె ఒకటే, అర్థం రెండు. చెల్లెళ్ళకు కూడా హద్దులు దాదాపు ఇంతే: పన్నెండేళ్ళకు 14.4, పదిహేనేళ్ళకు 15.9.

ఈ హద్దు ఎలా పెట్టారని లెక్కల మీద ఇష్టం ఉన్నవారు అడగవచ్చు. సగటు నుంచి ప్రామాణిక విచలనానికి రెండు రెట్లు కిందికి దిగితే వచ్చే గీత అది. ప్రమాణంగా తీసుకున్న పిల్లల్లో నూటికి సుమారు ఇద్దరు మాత్రమే దాని కింద ఉంటారు. పై హద్దు మాత్రం ఒక్క విచలనం దూరంలోనే ఉంటుంది: పన్నెండేళ్ళ అబ్బాయికి 19.9, పదిహేనేళ్ళ అబ్బాయికి 22.7. అది దాటితే బరువు ఎక్కువ కిందికి వస్తుంది.

పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. పన్నెండేళ్ళ అబ్బాయి ఎత్తు 130 సెంటీమీటర్లు, బరువు 27 కిలోలు అనుకుందాం. బి.ఎం.ఐ. 16 వస్తుంది. మనం పైన చూసిన ఏడో తరగతి అబ్బాయి కన్నా మెరుగు! కార్డు చూసినవారు "బాగానే ఉన్నాడు" అని పంపేస్తారు. కానీ పన్నెండేళ్ళ మగపిల్లవాడికి ఎత్తులో కింది హద్దు దాదాపు 135 సెంటీమీటర్లు. ఇతను చాలా ఏళ్ళుగా సరైన తిండి లేక ఎత్తూ పెరగలేదు, బరువూ పెరగలేదు. రెండూ కలిసి తగ్గాయి కాబట్టి భాగించినప్పుడు లోటు కనపడకుండా పోయింది. మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లల్లో ఇది తక్కువేమీ కాదు. అందుకే మూడో గడి చూసే ముందు మొదటి గడి కూడా చూడాలి.

అలాగే పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు ఎత్తు గబగబా పెరిగి బరువు కొంత వెనకబడుతుంది. ఒక్కసారి చూసి తేల్చకూడదు. జూన్‌లో, అక్టోబర్‌లో, ఫిబ్రవరిలో నోటు పుస్తకం చివరి పేజీలో తేదీ వేసి రాసుకుంటే దారి కనపడుతుంది. పెరగాల్సిన వయసులో ఆరు నెలలకూ బరువు కదలకపోయినా, తగ్గినా అది పట్టించుకోవలసిన విషయం.

హద్దు కింద ఉన్నవారు ముందు చేయవలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం. టానిక్కు కొనుక్కోవడం కాదు. నులిపురుగులు ఉంటే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. జాతీయ నులిపురుగుల నివారణ దినం రోజున ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను కొందరు కిటికీలోంచి పారేస్తారు. పారేయకండి, నమిలి మింగండి. రెండు వారాలకు పైగా దగ్గు ఉండి బరువు తగ్గుతుంటే టి.బి. పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా, మందులూ ఉచితం. ఇవేవీ కాకపోతే అప్పుడు తిండి సంగతి. అన్నం గుట్టగా పెట్టించుకుని సాంబారులో ముక్కలు పక్కకు తీసేసేవారిని నేను చాలామందిని చూశాను. పప్పు, గుడ్డు, వేరుశనగ పట్టీ, ఆకుకూర వదలకుండా తినాలి. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. దాన్ని పందెం కాసి పక్కవాడికి ఇచ్చేయడం చాలా ఖరీదైన పందెం.

ఒక మాట పెద్ద తరగతుల వారికి. హాస్టల్లో బక్కగా ఉన్నవాడిని "పుల్ల" అనీ, లావుగా ఉన్నవాడిని "డ్రమ్ము" అనీ పిలవడం మామూలు. ఇప్పుడు ఈ వ్యాసం చదివి "పదిహేను పాయింట్ నాలుగు" అని పిలవడం మొదలుపెట్టకండి.

ఈ లెక్క కనిపెట్టింది డాక్టరు కాదు. అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం దేశస్థుడు. 1796లో పుట్టి 1874లో చనిపోయాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు, మా స్టాటిస్టిక్స్ వాళ్ళకు పెద్దాయన. వేలమంది కొలతలు పోగుచేసి "సగటు మనిషి" ఎలా ఉంటాడో చూడాలనుకున్నాడు. 1835లో దానిమీద పుస్తకం వేశాడు. పెద్దవాళ్ళలో బరువు సుమారుగా ఎత్తు వర్గానికి అనులోమంగా పెరుగుతోందని ఆయన గమనించాడు. ఘనానికి ఎందుకు కాదు అన్నది మంచి ప్రశ్న. ఒక ఇటుకను పొడవు, వెడల్పు, మందం అన్నీ రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది. మనిషి ఇటుకలా పెరగడు. 150 సెంటీమీటర్ల మనిషి 45 కిలోలు ఉంటే బి.ఎం.ఐ. 20. 180 సెంటీమీటర్ల మనిషికి అదే 20 రావాలంటే వర్గం లెక్కలో దాదాపు 65 కిలోలు చాలు. ఘనం లెక్కలో అయితే దాదాపు 78 కిలోలు ఉండాలి. పొడుగువాళ్ళు అన్ని వైపులా అదే నిష్పత్తిలో లావుగా ఉండరు కాబట్టి వర్గమే నిజానికి దగ్గరగా ఉంటుంది.

కెట్లేకు ఎవరు లావో, ఎవరు బక్కో చెప్పే ఉద్దేశం లేదు. దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు. అయిదు దేశాలకు చెందిన ఏడువేల పైచిలుకు మగవాళ్ళ కొలతలు చూసి, ఉన్న సూత్రాల్లో ఇదే మేలని తేల్చారు. ఆ అయిదు దేశాలు అమెరికా, ఫిన్లాండ్, ఇటలీ, జపాన్, దక్షిణాఫ్రికా. మన దేశం లేదు, ఆడవాళ్ళు అసలే లేరు.

ఆ లోటు తర్వాత బయటపడింది. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక పేజీ వ్యాసం వచ్చింది. పూణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఫోటో దిగారు. ఇద్దరి బి.ఎం.ఐ. సరిగ్గా 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! చూడడానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఉండడం భారతీయుల్లో ఎక్కువ. కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. అందుకే షుగరు వ్యాధి మనకు తక్కువ బరువులోనే, తక్కువ వయసులోనే వస్తోంది. 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా వారు 23 దగ్గరే జాగ్రత్త పడాలని చెప్పారు. మన దేశపు డాక్టర్లు 2009లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని నిర్ణయించారు. పైన చెప్పిన 165 సెంటీమీటర్ల యువకుడికి ఈ లెక్కన తగిన బరువు 50 నుంచి 62 కిలోల మధ్య.

ఇక ఈ అంకె చెప్పనివి కూడా ఉన్నాయి. మా అమ్మ ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. బి.ఎం.ఐ. 20.4, ఏ పట్టికలో చూసినా బాగుంది. కానీ రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఆడవారికి 12 ఉండాలి. మిరప కోతలకు వెళ్ళొచ్చి మెట్లెక్కితే ఆయాసం వస్తుందంటే వయసు వల్లేమో అనుకున్నాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 19 ఏళ్ళ మగపిల్లల్లో కూడా నూటికి 31 మందికి ఉంది. బి.ఎం.ఐ. రక్తాన్ని చూడదు. కండకూ కొవ్వుకూ తేడా కూడా చూడదు. మా నాన్న మిర్చి యార్డులో టిక్కీలు మోస్తాడు. జీవితమంతా కాటా పక్కనే ఉన్నా తనని తాను ఎప్పుడూ తూచుకోలేదు. పోయిన సంక్రాంతికి బలవంతంగా ఎక్కిస్తే 52 కిలోలు, ఎత్తు 168. బి.ఎం.ఐ. 18.4, అంటే "బరువు తక్కువ". ఆ 52 కిలోల మనిషి నలభై కిలోల పైన ఉన్న టిక్కీని వీపున వేసుకుని రోజంతా నడుస్తాడు. ఆయన ఒంట్లో కొవ్వనేది లేదు. ఆయనకు బలం ఉందా అంటే ఉంది, తిండి సరిపోతోందా అంటే లేదు. ఈ రెండింటినీ ఒక్క అంకె చెప్పలేదు. 2025 జనవరిలో అంతర్జాతీయ నిపుణుల సంఘం కూడా ఒక్క బి.ఎం.ఐ. చూసి స్థూలకాయ వ్యాధి అని నిర్ధారించవద్దని, నడుము కొలత వంటివి కూడా చూడాలని చెప్పింది.

చివరగా ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులకు. 2015–16 సర్వేలో దేశంలో బరువు తక్కువ ఉన్న ఆడవారు 22.9 శాతం, ఎక్కువ ఉన్నవారు 20.6 శాతం. 2019–21 వచ్చేసరికి తక్కువ ఉన్నవారు 18.7 శాతానికి తగ్గి, ఎక్కువ ఉన్నవారు 24 శాతానికి పెరిగారు. తక్కెడ అటు మొగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే బరువు ఎక్కువ ఉన్న ఆడవారు 36.3 శాతం. మన ఇళ్ళలో ఈ మార్పు ఒక్క తరంలోనే జరుగుతోంది. నాన్న బస్తా మోశాడు, కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. తక్కువ బరువుతో పుట్టి, తర్వాత త్వరగా లావెక్కినవారికి షుగరు ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మనలో చాలామంది ఎంత బరువుతో పుట్టామో ఇంట్లో ఎవరికీ తెలియదు, కాబట్టి ముప్పు ఉందనే అనుకోవడం మంచిది. ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకే అన్నలు కొందరు గుర్తుపట్టలేనట్టు మారిపోయారు. ఊళ్ళో అందరూ "ఒళ్ళు చేశాడు, బాగున్నాడు" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కానీ కొలత లేదు.

బి.ఎం.ఐ. 23 దగ్గరికి వచ్చినవారు దర్జీ టేపు ఒకటి తెచ్చుకోండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. మనవాళ్ళలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు చూసి చెప్పకండి. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు కిందికి జారుతుంది గానీ సైజు 34 దగ్గరే ఉంటుంది.